ఉభయచరాల చర్మ సూక్ష్మజీవులు – వ్యాధి, ఉష్ణోగ్రత: పామిడి కరువు సీమ నుంచి ఒక చారిత్రక పరిశీలన

అనంతపురం జిల్లా పామిడి వద్ద పెన్నానది సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇసుకగానే కనిపిస్తుంది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను తాకుతుంది, కొన్ని రోజులు దాటుతుంది. తడి చర్మంతోనే బతకవలసిన ఉభయచరాలకు ఇంతకన్నా ప్రతికూలమైన చోటు తెలుగునాట మరొకటి లేదనిపిస్తుంది. అయినా తొలకరి గట్టిగా కురిసిన రాత్రి పొలం గుంటల్లోను, చెరువు అంచుల్లోను కప్పల అరుపులు మొదలవుతాయి. నెలల తరబడి నేలలో దాగిన ప్రాణులు ఒక్క వానతో బయటికి వస్తాయి.

1998 నుంచి ప్రపంచవ్యాప్తంగా ఉభయచరాల చర్మంపై విస్తృతంగా పరిశోధన సాగుతోంది. ఒక శిలీంధ్రం వందలాది జాతులను క్షీణింపజేయడం, ఆ శిలీంధ్రాన్ని చర్మంపై నివసించే బాక్టీరియా అడ్డుకోవడం, ఈ రెండింటినీ ఉష్ణోగ్రత శాసించడం అనే మూడు అంశాల చుట్టూ ఆ పరిశోధన తిరిగింది. అయితే ఈ జ్ఞానంలో అధిక భాగం చల్లని, తడి పర్వతారణ్యాల నుంచి వచ్చింది. క్వీన్స్‌లాండ్ వానాటవులు, పనామా కొండలు, కాలిఫోర్నియా సియెర్రా నెవాడా సరస్సులు, మన దేశంలో పశ్చిమ కనుమలు దాని ప్రధాన క్షేత్రాలు. ఆ చరిత్రను పామిడి వంటి మెట్ట పీఠభూమి నుంచి చదివితే ‘వేడి ప్రదేశాల్లో కప్పలకు భయం లేదు’ అన్న సులభమైన నిర్ధారణ నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఎండాకాలపు వేడి కన్నా శీతాకాలపు రాత్రులు, ఆ రాత్రుల్లో చర్మంపై ఉండే బాక్టీరియా ఇక్కడ ఎక్కువ పరిశీలన కోరే విషయాలు.

కరువు సీమలో కప్ప

వానలు ముఖం చాటేసిన ఏట కప్పను ఆశ్రయించడం రాయలసీమ, తెలంగాణ గ్రామాలకు పాత అలవాటు. రోకలికి వేపమండలు కట్టి, వాటి నడుమ కప్పను ఉంచి, ఇంటింటికీ తిరుగుతూ నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఊరేగింపు, కొన్ని ఊళ్లలో కప్పలకు జరిపే పెళ్లి ఈ కోవలోనివే. ఋగ్వేదం ఏడవ మండలంలోని మండూక సూక్తం కూడా కప్పల అరుపును వర్షాగమనంతో జతచేస్తుంది. వరాహమిహిరుని బృహత్సంహితలో భూగర్భ జలాన్ని గుర్తించే దకార్గళాధ్యాయం నేల తవ్వేటప్పుడు లోపల కనిపించే కప్పను నీటి జాడగా పేర్కొంటుంది. ఈ ఆధారాలను ప్రాచీన జీవశాస్త్రంగా చిత్రించడం అతిశయోక్తి. కానీ మెట్ట ప్రాంతపు కప్ప నీటిలో కన్నా నేలలోనే ఎక్కువ కాలం గడుపుతుందన్న అనుభవం వాటి వెనుక ఉంది. సూక్ష్మజీవుల కథలో ఆ అనుభవానికి విలువ ఉంది.

దక్కను మెట్ట భూముల్లో సాధారణంగా కనిపించే నాలుగు ఉభయచరాలను – నల్లమచ్చల గోండ్రుకప్ప, నీటిపై గెంతే చెరువు కప్ప, నేలను తవ్వుకునే పొట్టి తల కప్ప, గుండ్రని శరీరపు బుడగ కప్ప – జర్మన్ పండితుడు యోహాన్ గొట్లోబ్ ష్నైడర్ 1799లో ఒకే గ్రంథంలో శాస్త్రీయంగా నామకరణం చేశాడు. వాటిలో చివరి రెండూ మట్టిలో గ్రీష్మకాల సుప్తావస్థ గడిపేవి. చెరువు కప్ప మాత్రం బావిలోనో కుంటలోనో మిగిలిన నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది. గోండ్రుకప్ప రాళ్ల సందుల్లో, ఇళ్ల మూలల్లో చల్లదనం వెతుక్కుంటుంది. ఒకే ఊరి పరిసరాల్లో నాలుగు జాతులు నాలుగు రకాల ఉష్ణోగ్రతల్లో, నాలుగు రకాల తడిలో ఎండాకాలం దాటుతాయన్న మాట.

ష్నైడర్ కాలపు పద్ధతి కప్పను సారాయిలో భద్రపరచి ఆకారాన్ని వర్ణించడం. ఆ పద్ధతి చర్మపు రంగును, గరుకుదనాన్ని, గ్రంథులను నమోదు చేసింది. చర్మంపై జీవించే బాక్టీరియా సముదాయం మాత్రం ఆ సీసాల్లో యథాతథంగా మిగలలేదు. ప్రకృతిశాస్త్ర సంగ్రహాలయాలను ఆధారంగా చేసుకునే చరిత్రకారులు గుర్తుంచుకోవలసిన అసమానత ఇది. శిలీంధ్రం చర్మ కణజాలంలో చొరబడుతుంది కనుక, దశాబ్దాల తర్వాత కూడా సూక్ష్మదర్శినిలో దాని జాడ దొరుకుతుంది. చర్మం ఉపరితలంపై కాపురముండే బాక్టీరియాకు ఆ అదృష్టం లేదు. ఫలితంగా వ్యాధికి పాత దస్తావేజులు ఉన్నాయి, రక్షణకు లేవు.

చర్మం: పాఠ్యపుస్తకంలో, ప్రయోగశాలలో

తెలుగు రాష్ట్రాల్లో జంతుశాస్త్రం చదివిన పాత తరానికి బోదురుకప్ప అంటే విచ్ఛేదన పళ్లెంలో వెల్లకిలా పడుకున్న ‘రానా టైగ్రినా’. జీర్ణవ్యవస్థ, ధమనులు, కపాల నాడులు చూడటానికి ముందుగా చర్మాన్ని కత్తిరించి పక్కకు తొలగించేవారు. చర్మం ద్వారా శ్వాసక్రియ జరుగుతుందని, శ్లేష్మ గ్రంథులు ఉంటాయని ఒక పేజీ పాఠం ఉండేది. పరిశోధనకు అసలు విషయం ఆ తొలగించిన పొరలోనే ఉందని ఆనాటి పాఠ్యప్రణాళిక ఊహించలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011 నుంచి విచ్ఛేదనను దశలవారీగా తగ్గించి, 2014లో దాదాపు నిలిపివేయించింది. అంతకుముందే, 1987లో, భారత ప్రభుత్వం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది. ఎగుమతి సాగిన రోజుల్లో ఏటా వేల టన్నుల కప్పకాళ్లు విదేశాలకు తరలేవి. బోదురుకప్ప, చెరువుల్లోని ఆకుపచ్చ కప్ప ఆ వ్యాపారానికి ప్రధాన సరుకు. 1985లోనే ఈ రెండు జాతులూ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేరాయి.

చర్మంపై బాక్టీరియాను శాస్త్రవేత్తలు మొదట చూసింది శత్రువుగానే. అమెరికాలో ఎమర్సన్, నారిస్ 1905లో ‘ఎర్రకాలు’ వ్యాధిని వర్ణించారు. తొడల చర్మం కింద రక్తం చిమ్మి కాళ్లు ఎర్రబారడం, ప్రయోగశాల కప్పలు గుంపులుగా చనిపోవడం దాని లక్షణాలు. ఇప్పుడు ఏరోమోనాస్ హైడ్రోఫిలాగా పిలుస్తున్న బాక్టీరియా దానికి కారణమని చాలాకాలం బోధించారు. తర్వాత అదే బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న కప్పల్లోను, మామూలు చెరువు నీటిలోను దొరికింది. 1990లలో బ్రిటన్‌లో ఎర్రకాళ్లతో చనిపోయిన కప్పలను పరిశీలిస్తే వాటిలో రానావైరస్ కనిపించింది. ఒక క్రిమి, ఒక వ్యాధి అనే సూత్రం కప్ప చర్మం దగ్గర పట్టు తప్పింది. అదే క్రిమి ఒకనాడు అతిథి, మరొకనాడు హంతకుడు. ఏది ఎప్పుడు అన్నది ఆతిథేయి స్థితిని, పరిసరాల ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది.

రెండవ మలుపు 1987లో వచ్చింది. ఆఫ్రికా గోళ్ల కప్పకు శస్త్రచికిత్స చేసి, అంత పరిశుభ్రం కాని తొట్టి నీటిలో వదిలినా గాయాలకు చీము పట్టకపోవడం మైఖేల్ జాస్లాఫ్ గమనించాడు. ఆ చర్మం నుంచి సూక్ష్మజీవనాశక పెప్టైడ్‌లను వేరుచేసి వాటికి మాగైనిన్‌లని పేరుపెట్టాడు. కప్ప చర్మం తన మీద ఎవరు ఉండాలో తానే కొంతవరకు ఎంపిక చేసుకుంటుందన్న భావనకు ఇక్కడ బలం వచ్చింది.

1998 తర్వాత

1998లో లీ బెర్గర్, సహపరిశోధకులు ఆస్ట్రేలియా, పనామా అడవుల్లో చనిపోయిన కప్పల చర్మంలో ఒకే రకమైన కైట్రిడ్ శిలీంధ్రాన్ని గుర్తించారు. మరుసటి సంవత్సరం జాయిస్ లాంగ్‌కోర్, పెసియర్, నికొల్స్ వాషింగ్టన్ జంతుప్రదర్శనశాలలో మరణించిన నీలి విషకప్ప నుంచి దాన్ని వేరుచేసి బట్రాకోకైట్రియం డెండ్రోబేటిడిస్ అని నామకరణం చేశారు. దాని గమన సిద్ధబీజాలు నీటిలో ఈది కప్ప చర్మానికి చేరతాయి. కెరటిన్ ఉన్న పైపొరలో సిద్ధబీజాశయాలుగా పెరిగి మళ్లీ నీటిలోకి బీజాలను విడుస్తాయి. తోకకప్ప దశలో కెరటిన్ నోటి భాగాల్లోనే ఉంటుంది కనుక పిల్లలు సాధారణంగా వ్యాధిని మోస్తూ బతుకుతాయి. రూపవిక్రియ ముగిసి చర్మం గట్టిపడ్డాక ప్రాణం మీదికి వస్తుంది. చర్మ వ్యాధి ఎలా చంపుతుందన్న ప్రశ్నకు 2009లో జేమీ వోయిల్స్ బృందం సమాధానమిచ్చింది. చర్మం గుండా జరిగే లవణాల రవాణా దెబ్బతిని, రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి, చివరికి గుండె ఆగుతుంది. కప్పకు చర్మం ఒక తొడుగు కాదు, సగం మూత్రపిండం, సగం ఊపిరితిత్తి అని చెప్పుకోవచ్చు.

శిలీంధ్రం పుట్టుక గురించి అభిప్రాయాలు మారుతూ వచ్చాయి. 1938లో సేకరించి భద్రపరచిన ఆఫ్రికా గోళ్ల కప్ప చర్మంలో దాని జాడ కనిపించిందని వెల్డన్ బృందం 2004లో ప్రకటించింది. గర్భ నిర్ధారణ పరీక్షల కోసం ఆ కప్పను ప్రపంచమంతా ఎగుమతి చేసిన చరిత్రతో అది చక్కగా కుదిరింది. 2018లో ఓ’హాన్లన్, మాథ్యూ ఫిషర్ తదితరులు ఎన్నో దేశాల శిలీంధ్ర నమూనాల జన్యుక్రమాలను పోల్చి, మూలం తూర్పు ఆసియా అని, కొరియా ద్వీపకల్పపు వంశం పూర్వీకులకు దగ్గరగా ఉందని తేల్చారు. విధ్వంసకర వంశం విస్తరణ ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగం నాటిదని, ఉభయచరాల వ్యాపారమే దానికి వాహనమైందని వారి నిర్ణయం. 2019లో షీల్ బృందం కనీసం 501 జాతుల క్షీణతకు, వాటిలో 90 జాతుల అంతర్ధానానికి ఈ వ్యాధి కారణమని లెక్కగట్టింది. ఆ లెక్క పద్ధతిపై 2020లో విమర్శలు వెలువడ్డాయి, జవాబులూ వచ్చాయి. సంఖ్యపై వాదం ఉన్నా, విపత్తు జరిగిందన్న విషయంపై లేదు.

ఆసియాలో మాత్రం అటువంటి సామూహిక మరణాలు నమోదు కాలేదు. శిలీంధ్రం పుట్టిన ఇంట్లో కప్పలు ఎలా బతికి ఉన్నాయన్నదే భారతీయ పరిశోధనకు కేంద్ర ప్రశ్న అయింది.

వేడి ఎంతవరకు రక్ష?

పియోట్రోవ్‌స్కీ, లాంగ్‌కోర్ తదితరులు 2004లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం ఈ శిలీంధ్రం 4 నుంచి 25 డిగ్రీల మధ్య పెరుగుతుంది. 17 నుంచి 25 డిగ్రీలు దానికి అనువైన వేడి. 30 డిగ్రీల వద్ద ఎనిమిది రోజుల్లో సగం నమూనాలు చనిపోయాయి. అంతకు ఒక సంవత్సరం ముందు డగ్లస్ వుడ్‌హామ్స్ బృందం వ్యాధి సోకిన ఆస్ట్రేలియా చెట్టుకప్పలను 37 డిగ్రీల వద్ద 16 గంటలకు లోపే ఉంచి వ్యాధిని పూర్తిగా పోగొట్టింది. శిలీంధ్రం ఎండిపోయినా బతకదు. ఈ మూడు విషయాలనూ పక్కపక్కన పెట్టి పామిడి వాతావరణ పట్టికను చూసినవారికి ఇక్కడ వ్యాధికి తావు లేదనిపించడం సహజం.

ఆ తర్కంలో రెండు లొసుగులు ఉన్నాయి. వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత కప్ప చర్మానిది కాదు. నేలను తవ్వుకుని లోపలికి దిగే కప్ప ఆ వేడిని తప్పించుకోవడానికే దిగుతుంది. లోతుకు పోయేకొద్దీ పగటి వేడిమి తీవ్రత తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. మే నెల మధ్యాహ్నం పైన ఇసుక కాళ్లు కాలుస్తున్నప్పుడు కింద కప్ప చర్మం అంత వేడెక్కదు. 37 డిగ్రీల చికిత్స దానికి అందదు. బావి అడుగున నీడలో ఉండే చెరువు కప్ప విషయమూ అంతే.

రెండవది ఇంకా ముఖ్యమైనది. సంవత్సరమంతా మే నెల కాదు. అనంతపురం ప్రాంతానికి నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి అంచులూ తగులుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఇక్కడ మంచి వానల కాలం. ఆ నీరు చెరువుల్లో నిలిచి ఉన్న డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 17 డిగ్రీల దాపుకు దిగుతుంది. నిలిచిన నీరు, చల్లని రాత్రులు, ఆ ఏడు పుట్టి అప్పుడే రూపవిక్రియ ముగించుకున్న లేత కప్పలు – శిలీంధ్రానికి కావలసిన మూడూ ఆ రెండు మూడు నెలల్లో ఒకచోట కలుస్తాయి. పీఠభూమి వేడిగా ఉంటుందన్న మాట నిజమే. ఏడాదిలో ఒక భాగం అది పనామా కొండలకు మరీ దూరం కాదన్నది కూడా నిజం.

ఉష్ణోగ్రతను గురించిన సిద్ధాంత చర్చలు కూడా ఈ దిశగానే కదిలాయి. 2006లో అలన్ పౌండ్స్ బృందం కోస్టారికా మాంటెవెర్డే ప్రాంతపు ఏటెలోపస్ కప్పల అంతర్ధానాన్ని భూతాపంతో ముడిపెట్టింది. మేఘావరణం పెరిగి పగళ్లు చల్లబడి, రాత్రులు వేడెక్కి, శిలీంధ్రానికి అనువైన మధ్యస్థ వేడి ఏర్పడిందని వారి వాదన. కారెన్ లిప్స్ తదితరులు 2008లో దాన్ని కాదని, వ్యాధి అల మాదిరిగా ఒకచోటి నుంచి మరొకచోటికి పాకిందని చూపారు. 2017లో జెరెమీ కోహెన్, జేసన్ రోర్ బృందం ప్రతిపాదించిన ఉష్ణ వైరుధ్య పరికల్పన వేరే దారి పట్టింది. చల్లదనానికి అలవాటైన జాతి అసాధారణంగా వేడి కాలంలోను, వేడికి అలవాటైన జాతి అసాధారణంగా చల్లని కాలంలోను వ్యాధికి లొంగుతుందని దాని సారాంశం. ఆతిథేయి తన అలవాటు వేడి నుంచి తొలగినప్పుడు, విస్తృత పరిధిలో బతకగల శిలీంధ్రం లాభపడుతుంది. ఈ పరికల్పనను అంగీకరిస్తే, పామిడి కప్పకు గండం ఎండాకాలంలో కాదు, చలికాలంలో ఉంటుంది. తెలుగునాట ఉభయచర పరిశోధన చేయదలచినవారు సేకరణ నెలలను ఎంచుకునేటప్పుడు ఆలోచించవలసిన సంగతి ఇది. ఎందుకంటే క్షేత్ర సేకరణ సాధారణంగా తొలకరిలో, కప్పలు బయటపడి అరిచే రోజుల్లో జరుగుతుంది.

బాక్టీరియా వైపు మళ్లిన దృష్టి

చలికాలంలో వేడి కాపలా కాయనప్పుడు కాపలా ఎవరిది? ఇక్కడికి వచ్చాక చర్మ బాక్టీరియా చరిత్ర ప్రధానమవుతుంది. అమెరికాలో రీడ్ హారిస్ బృందం సాలమండర్ చర్మంపై జాంథినోబాక్టీరియం లివిడమ్ అనే ఊదారంగు బాక్టీరియాను, అది తయారుచేసే వయొలాసిన్ అనే రసాయనాన్ని పరిశీలించింది. 2009లో ఆ బాక్టీరియాను పసుపు కాళ్ల పర్వత కప్పల చర్మానికి పట్టించి, శిలీంధ్రం సోకినా అవి మరణించకుండా కాపాడగలిగింది. ఇంత సులభమైన మందు దొరికిందన్న ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. పనామా బంగారు కప్పలకు అదే బాక్టీరియా పట్టించిన మ్యాథ్యూ బెకర్ బృందం, అది ఆ చర్మంపై కొన్ని వారాల్లోనే కనుమరుగైందని, కప్పలు చనిపోయాయని 2011లో నివేదించింది. ఒక చల్లని నేలలో ఒక జాతి చర్మంపై పనిచేసిన సూక్ష్మజీవి మరో నేలలో మరో చర్మంపై నిలవదు. ఈ వైఫల్యాన్ని ఆ విజయం కన్నా విలువైన ఫలితంగా లెక్కించాలి. స్థానిక సముదాయాన్ని తెలుసుకోకుండా రక్షణ గురించి మాట్లాడలేమని అది రుజువు చేసింది.

వ్యాధి బాక్టీరియా సముదాయాన్ని మారుస్తుందా, లేక సముదాయం మారినందున వ్యాధి వస్తుందా అన్న ప్రశ్నను 2014లో ఆండ్రియా జానీ, షెరిల్ బ్రిగ్స్ పరిష్కరించడానికి ప్రయత్నించారు. సియెర్రా నెవాడాలో సహజంగా వ్యాపించిన వ్యాధి సమయంలోను, ప్రయోగశాలలోను కప్పల చర్మాన్ని పరీక్షించి, శిలీంధ్ర భారం పెరిగేకొద్దీ బాక్టీరియా సముదాయం చెదిరిపోవడం చూపారు. వ్యాధి తన దారిని తానే సుగమం చేసుకుంటుందని దీని అర్థం.

ఉష్ణోగ్రత ఈ బంధంలో మూడు చోట్ల వేలు పెడుతుంది. శిలీంధ్రం పెరుగుదల ఒకటి. బాక్టీరియా శిలీంధ్రనాశక రసాయనాలను ఏ మేరకు తయారుచేస్తుందన్నది రెండు. మూడవది అంతగా ప్రస్తావనకు రాని చర్మ విసర్జన. కప్ప తన చర్మపు పైపొరను కొద్ది రోజులకొకసారి విడిచి, తరచుగా తానే మింగేస్తుంది. ఆస్ట్రేలియాలో రెబెక్కా క్రాంప్, క్రెయిగ్ ఫ్రాంక్లిన్ బృందం 2014లో చూపినట్లు, ప్రతి విసర్జనతో చర్మంపై బాక్టీరియా సంఖ్య గణనీయంగా పడిపోతుంది. వేడి పెరిగితే విసర్జనల మధ్య వ్యవధి తగ్గుతుంది, చలిలో పెరుగుతుంది. అంటే చర్మంపై సముదాయం స్థిరంగా నిలిచే వస్తువు కాదు. ప్రతిసారీ చుట్టూ ఉన్న మట్టి నుంచి, నీటి నుంచి అది తిరిగి కూడవలసి ఉంటుంది. మట్టిలో నెలలు గడిపే కప్పకు ఆ మట్టే విత్తనపు గాదె.

2019లో జోర్డన్ క్యూనెమన్, అనేకమంది సహపరిశోధకులు వివిధ ఖండాలకు చెందిన 205 ఉభయచర జాతుల చర్మ బాక్టీరియాను పోల్చారు. శీతాకాలం చల్లగా ఉండి, ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉన్న చోట్ల బాక్టీరియా వైవిధ్యం ఎక్కువని వారి నిర్ణయం. ఏడాది పొడవునా ఒకే తీరు వేడి ఉన్న ఉష్ణమండల అడవుల్లో అది తక్కువ. రాయలసీమ పీఠభూమి ఉష్ణమండలంలోనే ఉన్నా, మే మధ్యాహ్నానికి జనవరి రాత్రికి మధ్య ఇరవై డిగ్రీలకు మించిన అంతరం ఉన్న ప్రదేశం. దాన్ని ‘ఉష్ణమండలం’ అనే ఒక్క మాటలో కేరళ వానాటవితో కలిపివేయడం పరిశోధనకు మేలు చేయదు.

హైదరాబాదు ప్రయోగశాల, కనుమల కప్పలు

భారతదేశంలో ఈ శిలీంధ్రం ఉనికి 2011లో పశ్చిమ కనుమల కప్పలో మొదట నమోదైంది. 2013లో నీలేశ్ దహానుకర్ బృందం ఉత్తర పశ్చిమ కనుమల్లో దొరికినది ఆసియాకు సొంతమైన రకమని గుర్తించింది. అక్కడి నుంచి కథ హైదరాబాదుకు చేరుతుంది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి అనుబంధంగా అత్తాపూర్‌లో పనిచేస్తున్న అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాలలో కార్తికేయన్ వాసుదేవన్ బృందం దేశంలోని నాలుగు జీవభౌగోళిక మండలాల నుంచి 1,800కు పైగా కప్పల చర్మపు తుడుపు నమూనాలు పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రచురించింది. శిలీంధ్రం విస్తృతంగా ఉంది, కానీ పదింట ఒక కప్పలో కూడా లేదు. దాని జన్యు వైవిధ్యం మాత్రం చాలా ఎక్కువ. కొత్తగా వచ్చిపడిన క్రిమి లక్షణం ఇది కాదు. తరతరాలుగా కప్పలతో కలిసి కాపురం చేసిన క్రిమి లక్షణం.

అదే బృందం 2021లో మరో అడుగు వేసింది. ఆరు భారతీయ కప్ప జాతుల చర్మ బాక్టీరియాను జన్యుక్రమ పద్ధతిలో విశ్లేషించింది. ఆ కప్పలేవీ శిలీంధ్రం సోకినవి కావు. ప్రోటియోబాక్టీరియా వర్గం సగానికి పైగా ఆక్రమించగా, ఆక్టినోబాక్టీరియా, ఫిర్మిక్యూట్స్ తర్వాతి స్థానాల్లో నిలిచాయి. గుర్తించిన 551 బాక్టీరియా సమూహాల్లో సగానికి పైగా శిలీంధ్రాన్ని అడ్డుకోగలవని ఇతరత్రా తెలిసిన వాటికి దగ్గరివి. ఆసియా కప్పల ఓర్పుకు చర్మ సముదాయం ఒక కారణం కావచ్చని ఈ అధ్యయనం సూచించింది. సూచన అన్న మాట ఇక్కడ ముఖ్యం. జన్యుక్రమంలో పోలిక కనిపించిన బాక్టీరియా నిజంగా ఆ చర్మంపై, ఆ వేడిలో శిలీంధ్రనాశకాన్ని తయారుచేస్తోందని ఆ పోలిక రుజువు చేయదు. 17 డిగ్రీల వద్ద, 30 డిగ్రీల వద్ద వేర్వేరుగా పెంచి చూసే పాతకాలపు పళ్లెం ప్రయోగం అందుకు ఇంకా అవసరం. అటువంటి ప్రయోగానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక డిగ్రీ కళాశాల సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో ఉండే ఇంక్యుబేటర్లు చాలు.

పెన్నా నీరు

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా అనంతపురం జిల్లాలోకి వచ్చేసరికి సన్నబడిన నది. పామిడికి ఎగువన పెనకచర్ల వద్ద ఉన్న మధ్య పెన్నా జలాశయానికి తుంగభద్ర ఎగువ కాలువ ద్వారా నీరు చేరుతుంది. తుంగ, భద్ర రెండూ పశ్చిమ కనుమల్లో పుట్టినవి. 1953లో పూర్తయిన తుంగభద్ర జలాశయం, దాని కాలువలు ఒక నదీ పరివాహకపు నీటిని మరో పరివాహకానికి మళ్లించాయి. సాగునీటి చరిత్రకారులు దీన్ని ఎకరాలలో, టీఎంసీలలో లెక్కిస్తారు. సూక్ష్మజీవుల చరిత్రకు అది మరో లెక్క. కనుమల వాననీటిలోని జీవరాశి మెట్ట సీమ కుంటకు చేరగల మార్గం ఏర్పడింది. జాన్సన్, స్పియర్ 2003లో చూపినట్లు ఈ శిలీంధ్రం నిర్జీవీకరించిన సరస్సు నీటిలో ఏడు వారాల వరకు బతికి ఉండగలదు. మామూలు నీటిలో దాన్ని తినే సూక్ష్మజీవులుంటాయి కనుక ఆ గడువును యథాతథంగా కాలువకు వర్తింపజేయలేము. అయినా పరివాహకాల మధ్య గోడ కూలిందన్నది నిజం.

దీనికి ఎదురుగా మరో మార్పు ఉంది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువు నిర్మాణానికి తగిన నేల, కట్ట, నీటి వనరు లక్షణాలను వివరంగా చెబుతుంది. ఆ సంప్రదాయంలో వెలసిన చెరువులు, వాటి దిగువ బావులు ఈ సీమలో కప్పలకు ఎండాకాలపు ఆశ్రయాలు. బోరుబావులు లోతుకు పోయేకొద్దీ దిగుడు బావులు ఎండాయి. చెరువు కప్ప వంటి, నీటిని విడిచి ఉండలేని జాతికి మిగిలినవి ఒకటి రెండు మడుగులు. ఆశ్రయాలు తగ్గితే మిగిలిన చోట కప్పలు గుమిగూడతాయి. ఒకే నీటిలో ఎక్కువ చర్మాలు చేరినప్పుడు మంచి బాక్టీరియా పంచుకోవడమూ తేలికే, శిలీంధ్రం పాకడమూ తేలికే. మట్టిలో దాగే జాతులకు ఈ ఇబ్బంది లేదు. వాటి గాదె పొలం మట్టి. వేరుశనగ, పత్తి పొలాల్లో చల్లే శిలీంధ్రనాశకాలు, పురుగుమందులు చేరేదీ ఆ మట్టిలోకే.

కాబట్టి పామిడి పరిసరాల్లో ఒకే కప్పల గుంపును మూడు సమయాల్లో చూడవలసి ఉంటుంది: మట్టిలో ఉన్న మే నెలలో, తొలకరికి బయటపడిన రోజుల్లో, చెరువు నిండి రాత్రులు చల్లబడిన డిసెంబరులో. తుడుపు పుల్లతో పాటు ఉష్ణమాపకం కూడా ఉండాలి. గాలి వేడిని కాదు, కప్ప చర్మపు వేడిని, అది కూర్చున్న మట్టి వేడిని ఆ ఉష్ణమాపకంతో కొలవాలి. పక్కనే ఉన్న చెరువు కప్పను, నేల తవ్వే కప్పను విడివిడిగా నమోదు చేయాలి, ఎందుకంటే వాటి ఎండాకాలాలు రెండూ ఒకటి కావు.